గురువారం మధ్యాహ్నం

నా ప్రయాణం సుఖంగా సాగాలని మా ఇంటి మగవాళ్ళు వైన్ గ్లాసులు ఎత్తుతున్నప్పుడు నేను రొట్టెల పొయ్యిలోకి నడుం దాకా వంగి ఉన్నాను. మా పొయ్యి నూతిలా నిలువుగా ఉంటుంది. అడుగున ఎండిన ద్రాక్షతీగల నిప్పులు, చుట్టూ కాలిన మట్టిగోడ. పిండిని రెండు చేతుల మీద పొడుగ్గా సాగదీసి, ఊపిరి బిగబట్టి, తలా భుజాలూ లోపలికి దూర్చి ఆ గోడకి చరచాలి. ఆలస్యం చేస్తే జుట్టు కాలుతుంది, తొందరపడితే రొట్టె ఊడి నిప్పుల్లో పడుతుంది. తల లోపల ఉన్నంతసేపూ వేడి హోరు తప్ప ఇంకేమీ వినిపించదు. అందుకని నా మరిది రెవాజ్ చెప్పినదాంట్లో చివరి ముక్కలే నా చెవిన పడ్డాయి.

“...ఈ ఇంటి కోసం పరాయి దేశం వెళ్తున్న మా వదిన నజిబ్రోలా చల్లగా వెళ్ళి చల్లగా రావాలి. ఇటలీ దారి ఆమెకి పూలబాట కావాలి. గాఉమార్జోస్!”

“గాఉమార్జోస్, జయం!” అన్నాడు నా భర్త జుంబెర్. గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి.

తల బయటికి తీశాను. మా ఊళ్ళో నజిబ్రోలా అన్న పేరు నాకొక్కదానికే ఉంది. కాబట్టి ఇటలీ వెళ్తున్నది నేనేనని ఒప్పుకోక తప్పలేదు.

వేడి రొట్టెలు పట్టుకుని ద్రాక్షపందిరి కింద బల్ల దగ్గరికి వెళ్ళాను. రెవాజ్, జుంబెర్, మా అత్తగారు మారో కూర్చుని ఉన్నారు. ముగ్గురూ నన్ను చూసి, రొట్టెల్ని చూసి, రొట్టెల వైపే చేతులు చాపారు.

“నేనెప్పుడు వెళ్తున్నానట?” అని అడిగాను.

“వచ్చే నెలాఖరుకి వదినా,” అన్నాడు రెవాజ్ రొట్టె తుంచుతూ. వాడు రాజధాని తిబిలిసీలో కార్ల విడిభాగాలు అమ్ముతాడు. మా ఆయనకంటే చిన్నవాడే గానీ బల్ల దగ్గర పెద్దరికం వాడిదే, గొంతు పెద్దది కాబట్టి. “ఈ ఏడు కూడా వడగళ్ళు కొట్టేశాయి కదా. ఇంక తోటని నమ్ముకుని లాభం లేదు. ఊళ్ళోంచి ఎంతమంది ఆడవాళ్ళు వెళ్ళలేదు చెప్పు? ఒక ముసలావిడని చూసుకోవడమే కదా పని. అమ్మని చూసుకోవడం నీకు అలవాటేగా.”

“ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట,” అంది మా అత్తగారు. “పక్కనున్న తెలావీ దాకా బస్సెక్కితేనే వాంతులు చేసుకుంటుంది. ఇది ఇటలీ పోతుందిట.”

నేను జుంబెర్ వైపు చూశాను. వాడు మీసం తుడుచుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఎంతో సుఖంగా ఉండేది, ఈపాటికి ఏదో ఒకటి తేల్చుకునేదాన్ని.

“నిన్ను అడుగుదామనే అనుకున్నాను నజీ,” అన్నాడు. “వీడే తొందరపడి గ్లాసు ఎత్తేశాడు. ఎత్తాక దించలేం కదా.”

అదీ నిజమే. మా దగ్గర బల్ల మీద ఎత్తిన గ్లాసు దించడమంటే పెళ్ళిపీటల మీంచి లేచిపోవడం లాంటిది. చచ్చిన శత్రువు పేరు మీద ఎత్తినా సరే, తాగి తీరాలి. అందుకని నా ప్రయాణం ఖాయమైపోయింది. నేను మిగిలిన రొట్టెలు తియ్యడానికి వెనక్కి వెళ్ళాను, అవి మాడకూడదు కదా. గోకుడుబద్దతో గోడ మీంచి రొట్టెలు ఒక్కొక్కటే ఊడదీశాను. అవమానం అనిపించింది. ఆవుని సంతకి తోలేటప్పుడైనా దాని దగ్గరికొచ్చి వీపు నిమురుతారు.

నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు మాకు ఉన్నది ద్రాక్షతోట ఒక్కటే. నల్లద్రాక్ష, తెల్లద్రాక్ష. కోతలకి చుట్టాలందరూ వచ్చేవాళ్ళు, పాడుకుంటూ కోసేవాళ్ళు, బండ్లకెత్తి వైన్ కార్ఖానాకి తోలేవాళ్ళు. అప్పట్లో కూడా వంట నాదే, కానీ కోతల తర్వాత చలికాలం అంటూ ఒకటుండేది. కిటికీ దగ్గర కూర్చుని ఊలు అల్లుకునేదాన్ని. ఆ తర్వాత ఆకాశానికి ఏం పట్టిందో తెలీదు. పూత మీద ఉండగా మంచు, పిందె మీద ఉండగా వడగళ్ళు, పండు మీద ఉండగా కరువు. మొదటిసారి వడగళ్ళు పడ్డ ఏడు దెబ్బతిన్న కాయల్ని కార్ఖానావాళ్ళు వద్దన్నారు. జుంబెర్ తోటలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాణ్ణి చూడలేక నేనే అన్నాను, రసం తీసి చుర్చ్‌ఖేలా మిఠాయి చేద్దాం అని. పిండి కలిపిన ద్రాక్షరసాన్ని పెద్ద రాగి గుండిగలో గంటలకొద్దీ కలుపుతూ, దారాలకి గుచ్చిన అక్రోట్లని ముంచి తీసి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి. మెలకువగా ఉన్నంతసేపూ కలుపుతూనే ఉన్నాను. కుడి భుజం అప్పుడు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. వాటిని రోడ్డుపక్క తాడు కట్టి వేలాడదీసి అమ్మింది కూడా నేనే. జుంబెర్‌కి సిగ్గు. తోట యజమాని రోడ్డు మీద నిలబడతాడా?

ఆ మరుసటేడు అక్రోట్ చెట్లు ఎండిపోయాయి. కార్లు ఆపిన పట్నంవాళ్ళు రొట్టె ఉందా అని అడుగుతుంటే రొట్టె మొదలైంది. రొట్టెతోపాటు చీజ్ అడిగారని రెండో ఆవు వచ్చింది. తర్వాత జుంబెర్ ఎవరో చెప్పారని తేనెపెట్టెలు తెచ్చాడు. ఒట్టి చేతుల్తో మూత తీశాడు. సాయంత్రానికి ముఖం గుమ్మడికాయంత అయింది. మర్నాటినుంచి తేనెటీగలు నావి. ఆ తర్వాత అతిథులు. పైగదులు రెండూ సున్నం వేసి, దుప్పట్లు కుట్టి, విదేశాల వాళ్ళకి ఇస్తున్నాం. వాళ్ళకి ఉదయం టిఫిను, రాత్రి భోజనం, మధ్యలో చిరునవ్వు. ఇలా తోటలో పోయిన ప్రతిదానికీ ఇంట్లో ఒకటి వచ్చి చేరింది. వచ్చిన ప్రతిదానికీ చేతులు నావే. పేరు మాత్రం “మేము.” మేము రొట్టె చేస్తున్నాం, మేము తేనె తీస్తున్నాం, మేము అతిథుల్ని పెట్టుకుంటున్నాం.

కిందటేడు ఏదో సంస్థవాళ్ళు ఊరి బడిలో సమావేశం పెట్టారు. మగవాళ్ళు బెంచీల మీద, మేము టీ దగ్గర. ఒక చదువుకున్న అమ్మాయి గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. వాతావరణం ఇకమీదట ఇలాగే ఉంటుంది, ఒక్క పంటనే నమ్ముకున్నవాళ్ళు నిలబడలేరు, ఆదాయానికి పది దారులుండాలి అంది. మంచి మాటే చెప్పింది. తర్వాత ఈ ఊళ్ళో అలా చేస్తున్నవాళ్ళు ఎవరని అడిగితే అందరూ జుంబెర్ని లేపారు. వాడు లేచి, టోపీ తీసి, చుర్చ్‌ఖేలా దగ్గర్నుంచి అతిథుల దాకా చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి నా పళ్ళెంలోంచి టీ తీసుకుంటూ, “మీ ఆయన చాలా ముందుచూపున్న మనిషండీ,” అంది. అవునన్నాను. ఇంకేమనను? ఆ రోజు ఆరు కెటిళ్ళు తోమి ఇంటికొచ్చేసరికి ఆవులు నిండిన పొదుగులతో అరుస్తున్నాయి.

ఇప్పుడు ఆ పది దారుల్లో చివరిది నేను. వడగళ్ళు పడితే నన్ను ఇటలీ పంపిస్తారు.

మొదటి రెండు మూడు రోజులూ కోపంతోనే గడిచాయి. పాలు పితుకుతూ వాళ్ళతో మనసులోనే పోట్లాడేదాన్ని. ఎన్ని మాటలు అన్నానో! అవన్నీ ఆవు విన్నది. తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, కోపం అడుగున ఇంకేదో కదిలింది. పైగది దుప్పట్లు మారుస్తూ, జర్మనీ అతిథి వదిలేసిపోయిన సముద్రం బొమ్మ చూస్తూ నిలబడిపోయాను. వెళ్తే ఎలా ఉంటుంది?

దోదోకి ఫోన్ చేశాను. దోదో మా పక్కింటిది, నాతోపాటు బడికొచ్చింది, నాతోపాటే పెళ్ళయింది. వాళ్ళ తోట మంచుకి పోయిన ఏడు ఇటలీలో బారీ అనే ఊరికి వెళ్ళింది. ఇంకా తిరిగి రాలేదు. ఫోన్‌లో దాని ముఖం కనిపించింది. వెనకాల చెట్లు, బెంచీలు, దాని పక్కన ఇంకొందరు ఆడవాళ్ళు. మా భాషలో మాటలు, నవ్వులు.

“ఏమే నజీ, ఈ వేళప్పుడు చేశావు? పొయ్యి ఆరిపోయిందా?”

“పట్టపగలు పార్కులో కూర్చున్నావేంటే? ఉద్యోగం ఊడిందా?”

“ఇవాళ గురువారం కదే,” అంది, అంతా తెలిసిపోయినట్టు. నాకేమీ తెలియలేదని చూసి వివరించింది. “గురువారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక నేను ఎవరికీ పనిమనిషిని కాను. ముసలావిడ కొడుకే వచ్చి కూర్చుంటాడు. ఆదివారం కూడా నాదే. ఇక్కడ అందరికీ అంతే.”

“మరి ఆ పూటంతా ఏం చేస్తావు?”

“ఏం చెయ్యను.”

“ఏమీ చెయ్యవా?”

“ఇదిగో, ఈ బెంచీ మీద కూర్చుంటాను. పొద్దుతిరుగుడు గింజలు నవుల్తాను. ఏడుపొస్తే ఏడుస్తాను.”

“ఏడుపెందుకే?”

దోదో ముఖం కాస్త పక్కకి తిప్పుకుంది. “ఎందుకేంటే పిచ్చిదానా. వారమంతా నాతో మాట్లాడేది చెవుడున్న ముసలావిడ ఒక్కతే. ఆమెకి నా పేరు రాదు, ఇదివరకున్న పనిమనిషి పేరుతో పిలుస్తుంది. గదిలో ఒక్కదాన్ని, వీధిలో ఒక్కదాన్ని. నీకేం, నిండింట్లో ఉన్నావు. పిలిస్తే పలికేవాళ్ళున్నారు.”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే మనసులో తిరిగింది. నిండిల్లు, నిజమే. పైన అతిథులు, కింద అత్తగారు, బల్ల దగ్గర మా ఆయన స్నేహితులు. పిలిస్తే పలికేదాన్ని నేను. రోజుకి లెక్కలేనన్నిసార్లు నన్ను పిలుస్తారు. నజీ, రొట్టె. నజిబ్రోలా, వేడినీళ్ళు. కోడలా, కాళ్ళు లాగుతున్నాయి. వదినా, ఉప్పు. పిలుపులే గానీ మాటలు కావు. నాతో ఎవరైనా కూర్చుని మాట్లాడి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోతే, పాపం అతిథిగా వచ్చిన ఒక పోలెండ్ ఆవిడ గుర్తొచ్చింది. చెయ్యి ఊపుతూ, సైగలతో, నా భుజం నొప్పి గురించి అడిగింది. భాష రాని మనిషి. ఆవిడ కూడా రెండు రోజులుండి వెళ్ళిపోయింది. దోదో బారీలో ఒంటరిది, నేను మా ఇంట్లో ఒంటరిదాన్ని. దానికి గురువారం ఉంది, నాకు లేదు. మా ఇద్దరికీ తేడా అంతే.

ఆ రోజునుంచి వెళ్ళడానికే సిద్ధపడ్డాను. ఇటలీ భాషలో మాటలు కొన్ని నేర్చుకున్నాను. ఆకలి, నొప్పి, నీళ్ళు, గురువారం. పొయ్యి ముందు వంగుతూ పైకే అనుకునేదాన్ని. పరాయి ఊరు, తెలియని ముసలావిడ, అన్నిటికీ భయమే. అయినా వారంలో ఒక పూట నన్నెవరూ పిలవని చోట కూర్చోవాలని నాకెంత ఆశ పుట్టిందో చెప్పలేను. కొత్త పెళ్ళికూతుర్లా నాలో నేనే నవ్వుకుంటుంటే మా అత్తగారు చూసి, “దీనికి వేపకాయంత వెర్రి ఎప్పుడూ ఉంది, ఇప్పుడు గుమ్మడికాయంత అయింది,” అంది.

వెళ్ళే ముందు పనులు అప్పజెప్పాలి కదా. అక్కడే కథ అడ్డం తిరిగింది.

ముందుగా జుంబెర్‌కి రొట్టె నేర్పాను. పిండి సాగదీశాడు, బాగానే సాగదీశాడు. పొయ్యి మీదికి వంగాడు. వేడి ముఖానికి కొట్టగానే అబ్బా అని వెనక్కి గెంతాడు, రొట్టె నిప్పుల్లో పడింది. రెండోది గోడకి అంటింది గానీ వాడి సగం మీసం పోయింది. “ఇది మనుషులు చేసే పనేనా?” అన్నాడు నీళ్ళ తొట్టిలో ముఖం ముంచుతూ. “ఇన్నాళ్ళూ ఎలా చేశావే?” నేను తువ్వాలు అందించాను. ఆవులు వాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. తేనెటీగల సంగతి వాడే ఎత్తలేదు.

పైపెచ్చు అత్తగారి పని. పొద్దున్న మందులు, సాయంత్రం వేడినీళ్ళలో కాళ్ళు, వారానికోసారి తలంటు. రెవాజ్‌కి ఫోన్ చేసి, మీ ఆవిడ కొన్నాళ్ళు వచ్చి ఉంటుందా అని అడిగాడు జుంబెర్. స్పీకర్‌లో పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

“మా ఆవిడకి ఉద్యోగం ఉంది కదా అన్నయ్యా!” అన్నాడు రెవాజ్, అంత అన్యాయమైన ప్రశ్న పుట్టి బుద్ధెరిగాక వినలేదన్నట్టు.

జుంబెర్ టోపీ పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. ఎవరినైనా పనికి పెట్టుకుందామని. భర్త పోయిన ఒకావిడ రొట్టె చేస్తానంది, పశువుల దగ్గరికి రానంది. ఇంకొకామె పశువుల్ని చూస్తానంది, విదేశీయుల ముందు నిలబడనంది. ముసలావిడని చూడటానికి వేరే మనిషి, తేనెకి వేరే మనిషి కావాలి. చుర్చ్‌ఖేలాకి చేతులు తిరిగినవాళ్ళెవరూ ఊళ్ళో మిగల్లేదు, అందరూ ఇటలీలోనే ఉన్నారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి గడప మీద కూలబడ్డాడు. నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. చాలాసేపు నావైపే చూశాడు, ఎవరో కొత్తమనిషి ఇంట్లోకి వస్తే చూసినట్టు.

“నజీ,” అన్నాడు, “ఇవన్నీ నువ్వు ఎప్పుడు చేస్తున్నావే?”

వాడు వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలీక అడిగాడు. అందుకే నాకు ఏడుపొచ్చింది. తడి దుప్పటి ముఖానికి అడ్డంగా ఉంది కాబట్టి సరిపోయింది. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళుగా ఉన్న మనిషికి నేనెక్కడున్నానో తెలీదు. తిడితే తట్టుకునేదాన్ని. ఇది తట్టుకోవడం కష్టమైంది.

ఆ ఆదివారం రెవాజ్ మళ్ళీ వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ తోటలోకి వెళ్ళి, ఆకులు రాలిన తీగల మధ్య తిరుగుతూ మాట్లాడుకున్నారు. నేను కోడిని కోసి కూర వండాను, వంకాయలు వేయించాను, పొయ్యి రాజేశాను. నన్ను ఎప్పుడు బయల్దేరదీస్తారో తేల్చుకుంటున్నారని అనుకున్నాను. తోలుసంచీ ఒకటి దులిపి, తుడిచి, మంచం కింద పెట్టుకుని ఉన్నాను కూడా.

రొట్టెలు గోడకి కొట్టి తల బయటికి తీసేసరికి రెవాజ్ లేచి నిలబడి ఉన్నాడు. చేతిలో నిండు గ్లాసు. ఈసారి మొదట్నుంచీ విన్నాను.

“మన పాత ఇళ్ళల్లో మధ్యన ఒక స్తంభం ఉండేది,” అన్నాడు. “కప్పంతా దాని మీదే నిలబడేది. దాన్ని మన పెద్దలు తల్లిస్తంభం అన్నారు. ఊరికే అన్నారా? ఇంటికి ఆడదే ఆధారం! ఈ ఇంటికి తల్లిస్తంభం మా వదిన నజిబ్రోలా. వడగళ్ళొచ్చినా, కరువొచ్చినా ఆమె కదల్లేదు. స్తంభం ఇటలీ పోతే ఇల్లు నిలుస్తుందా? అందుకని అన్నయ్యా నేనూ బాగా ఆలోచించాం. వదినని ఎక్కడికీ పంపడం లేదు! ఇక్కడే ఉంటుంది, రాణిలా ఉంటుంది. కింద ధాన్యం గది ఎలాగూ ఖాళీయే, దాన్ని కూడా అతిథులకి చేద్దాం. విదేశాలవాళ్ళకి మన వంటలు నేర్పిస్తే ఎగబడి వస్తారట, ఆ పని వదినకంటే ఎవరు బాగా చేస్తారు? మన తల్లిస్తంభం నిండు నూరేళ్ళు ఉండాలి. గాఉమార్జోస్!”

జుంబెర్ కళ్ళు చెమర్చాయి. లేచి నిలబడి తాగాడు. మా అత్తగారు కూడా ఒక గుక్క వేసి, “సరే, పీడా వదిలింది. నా కాళ్ళు ఎవరు పడతారా అని బెంగపెట్టుకున్నాను,” అంది.

నేను గోకుడుబద్ద పట్టుకుని పొయ్యి పక్కన నిలబడ్డాను. నామీద దయ చూపించామని వాళ్ళ ముఖాల్లో ఎంత సంతోషం! పంపిస్తామన్నప్పుడు ఎలా అడగలేదో, మానేశామన్నప్పుడూ అలాగే అడగలేదు. పంపిస్తే నష్టం, ఉంచుకుంటే లాభం, తేలిపోయింది. పైగా ధాన్యం గది ఒకటి, వంటల బడి ఒకటి. మంచం కింద పెట్టిన సంచీ గుర్తొచ్చింది. ఇటలీ ప్రయాణం తప్పిపోయినందుకు నాకు బాధ లేదు. గురువారం పోయింది. చేతికి రాకముందే పోయింది. ఇంక ఎప్పటికీ రాదు. ఇలాగే వంగి, లేచి, వంగి, ఒకరోజు లేవను. అప్పుడు కూడా బల్ల చుట్టూ నిలబడి నాకోసం ఒక మంచి గ్లాసు ఎత్తుతారు.

మా బల్లకి ఒక నియమం ఉంది. ఎవరి పేరు మీద గ్లాసు ఎత్తారో ఆ మనిషి ఊరుకోకూడదు. అందరూ తాగాక లేచి, గ్లాసు పట్టుకుని జవాబు చెప్పాలి. వాళ్ళు జవాబు చెప్పేదాకా తర్వాతి గ్లాసు ఎత్తకూడదు. మగవాళ్ళ విషయంలో ఇది ఎంత పట్టింపో! జవాబు చెప్పలేదని బావమరుదులు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకపోవడం నేనెరుగుదును. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆడవాళ్ళ పేరు మీద, తల్లుల పేరు మీద, నా పేరు మీద ఎన్ని గ్లాసులు ఖాళీ అయ్యాయో. ఒక్కదానికీ నేను జవాబు చెప్పలేదు. నేనెప్పుడూ పొయ్యిలోనో, కొట్టంలోనో, మెట్ల మీదో ఉన్నాను. జవాబు రాలేదన్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు. రెవాజ్ అప్పటికే రెండో గ్లాసు నింపుకుంటున్నాడు, చనిపోయిన పెద్దల పేరు మీద ఎత్తడానికి.

“ఆగు రెవాజ్,” అన్నాను.

చేతుల పిండి నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని బల్ల దగ్గరికి వెళ్ళాను. ఖాళీ గ్లాసు ఒకటి తీసి నేనే నింపుకున్నాను.

“నేనింకా జవాబు చెప్పలేదు.”

రెవాజ్ నవ్వాడు. “చెప్పు వదినా, చెప్పు! న్యాయమే కదా!”

“మీరు నా గురించి మంచిమాటలు చెప్పారు. సంతోషం,” అన్నాను. “స్తంభం అన్నారు. అదీ సరే. నేను ఇటలీ వెళ్ళను. ఇంట్లోనే ఉంటాను. కానీ అక్కడ పరాయి ఇంట్లో, పరాయి ముసలావిడకి చేస్తే, గురువారం మధ్యాహ్నం నాదయ్యేది. ఒంటిగంట దాటాక నన్ను పిలిచే హక్కు ఎవరికీ ఉండేది కాదు. సొంతింట్లో నాకు పరాయింటి పాటి విలువైనా లేకపోతే ఎలా? అందుకని ప్రతి గురువారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి చీకటి పడేదాకా నేను ఈ ఇంట్లో ఉండను. వంటల బడి పెట్టను. ధాన్యం గది మీ ఇష్టం, దుప్పట్లు మీరే ఉతుక్కోండి. ఆదివారం సంగతి తర్వాత మాట్లాడతాను.”

రెవాజ్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు.

“ఉండక ఎక్కడికి పోతావు?” అంది మా అత్తగారు. “అమ్మా నాన్నా పోయారు. ఆ దోదో కూడా ఊళ్ళో లేదు. నీకెవరున్నారని?”

ముసలావిడ సూటిగా తగిలేచోటే కొట్టింది. అవును, నాకెవరున్నారు? ఇన్నేళ్ళలో ఒక్కరైనా నన్ను రమ్మని పిలవలేదు, నేనొక్క గడపా తొక్కలేదు. ఒక పూట చేతికిస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా నాకు తెలీదు. అయినా చెప్పాను.

“ఎవరూ లేరత్తయ్యా. ఎక్కడికో కూడా ఇంకా అనుకోలేదు. బస్టాపులోనో, గుడి గోడ దగ్గరో ఒక్కదాన్నే కూర్చుంటాను. ఇక్కడా ఒక్కదాన్నే కదా.”

జుంబెర్ తలెత్తి నావైపు చూశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

నేను గ్లాసు ఎత్తాను. “గాఉమార్జోస్,” అన్నాను. ఎత్తిన గ్లాసు దించకూడదు. అడుగంటా తాగి బల్ల మీద పెట్టి, బెంచీ చివర కూర్చున్నాను. ఈ బల్ల దగ్గర నేను కూర్చుంటే బల్ల నాకు ఎంత ఎత్తులో ఉంటుందో, అటు కొండలు ఎంతవరకు కనిపిస్తాయో అప్పుడు చూశాను. వాళ్ళు ముగ్గురూ నన్నే చూస్తున్నారు. వైన్ కడుపులో వెచ్చగా ఉంది.

ముందుగా వాసన రెవాజ్‌కి తెలిసింది.

“వదినా,” అన్నాడు, “రొట్టె మాడుతోంది.”

“అవును,” అన్నాను.

జుంబెర్ పొయ్యి వైపు చూశాడు, తన సగం మీసం తడుముకున్నాడు, నావైపు చూశాడు. మా అత్తగారు కోడలా, కోడలా అని రెండుసార్లు పిలిచింది. పొయ్యి నోట్లోంచి పొగ లేచి ద్రాక్షపందిరిలోకి పోతోంది. ఆ పిండి తెల్లవారకముందే లేచి నేను పిసికింది. నా ప్రాణం ఒక్కసారి అటు వెళ్ళొచ్చింది.

నేను లేవలేదు.